దేవుణ్ణి నమ్మనివాళ్ళు సాధన చేయడం ఎలా?

దేవుడు లేడని తేల్చుకున్నాక కూడా కొన్ని ప్రశ్నలు మనిషిని వదలవు. ఈ కోపం ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎవరి మెప్పు కోసం ఇంత పరుగు? రోజుకి వందసార్లు ‘నేను’ అంటున్నానే, ఆ నేను ఏమిటి? నమ్మకం ఉన్నవాళ్ళకి ఈ ప్రశ్నలు పట్టుకుని కూర్చోవడానికి ఒక వేళ, ఒక చోటు, ఒక పద్ధతి, పక్కన నలుగురు మనుషులు ముందే అమరి ఉంటాయి. నమ్మకం వదిలినవాళ్ళు అవన్నీ సొంతంగా ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

నాస్తికుడికి సాధన ఏమిటని ఎవరైనా నవ్వితే పట్టించుకోనక్కర్లేదు. సాంఖ్యులు ఈశ్వరుడి ప్రసక్తి లేకుండానే పురుషుడు (చైతన్యం), ప్రకృతి (జడపదార్థం) అని రెండు మాటలతో మొత్తం దర్శనాన్ని కట్టారు. జైనులకి సృష్టికర్త లేడు. వేదాన్ని ప్రమాణంగా తీసుకున్న మీమాంసకులు కూడా లోకాన్ని చేసిన దేవుడు ఒకడు కావాలనలేదు. బుద్ధుడు చూపిన దారిలో దుఃఖం, దాని కారణం, దాని నివారణ ఉన్నాయి, సృష్టికర్తకి పని లేదు. వీళ్ళలో చాలామంది పునర్జన్మని నమ్మారు. అది మీకు మింగుడుపడకపోతే దాన్నీ పక్కన పెట్టండి, కింద చెప్పిన అభ్యాసాల్లో ఏ ఒక్కటీ దాని మీద ఆధారపడలేదు.

ముందు ఖాళీలు లెక్కపెట్టండి

ధ్యానం నేర్చుకోవడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. చాలామంది దీన్ని దాటేస్తారు, ఆరు నెలల తర్వాత ఎందుకు మానేశామో వాళ్ళకే అర్థం కాదు. ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు, దేవుడు మీకో మీవాళ్ళకో చేసిపెట్టే పనులు రాయండి. తప్పు చేస్తే చెప్పుకోవడానికి ఒకరు. మేలు జరిగితే దండం పెట్టడానికి ఒకరు. రాత్రి రెండింటికి భయమేస్తే పిలవడానికి ఒక పేరు. ఎవరూ చూడనప్పుడు కూడా చూస్తున్నాడన్న అదుపు. అన్యాయం చేసినవాడు ఎప్పటికైనా అనుభవిస్తాడన్న ఊరట. వారానికోసారి నలుగురినీ కలిపే సందర్భం. కుడివైపు, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో, ఏది చేస్తోందో రాయండి.

కుడివైపు కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. మీ సాధన అక్కడ మొదలవ్వాలి. చెప్పుకునే చోటు లేనివాళ్ళు రాత్రి సమీక్షతో మొదలుపెట్టాలి, మనుషులు లేనివాళ్ళు తోడు వెతుక్కోవాలి. అందరూ ఊపిరి గమనించడంతోనే మొదలుపెట్టాలని లేదు. కానీ ఊపిరి అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అవసరమవుతుంది, అందుకే దాన్ని ముందు వివరిస్తున్నాం.

ఒక గడి మాత్రం ఖాళీగానే ఉండిపోతుంది. చెడ్డవాడికి చివరికి శిక్ష తప్పదన్న హామీకి బదులు ఏ సాధనా ఇవ్వదు. చట్టం, పోరాటం, స్నేహితుల అండ అనే మామూలు దారులే ఉన్నాయి. దాన్ని ధ్యానంతో పూడ్చబోతే అన్యాయాన్ని చూసి ఊరుకోవడం అలవాటవుతుంది, దానికి ప్రశాంతత అని పేరు పెట్టుకుంటాం.

ఖాళీ అయిన కుర్చీలోకి ఇంకొకరు దొంగతనంగా వచ్చి కూర్చోవడం కూడా చాలా మామూలు. ‘విశ్వం నాకు సంకేతం పంపింది’, ‘ఆ మనిషి ఎనర్జీ బాగాలేదు’, ‘గట్టిగా కోరుకుంటే జరిగి తీరుతుంది’ లాంటివి వినిపించినప్పుడల్లా ఆ మాట తీసేసి అక్కడ ‘దేవుడు’ అని పెట్టి చదవండి. వాక్యం అర్థం మారకపోతే, మీరు వదిలేశామనుకున్నది పేరు మార్చుకుని తిరిగొచ్చిందన్నమాట. గురువుల విషయంలో కూడా ఇదే పరీక్ష.

కూర్చోవడం

కావాల్సినవి నాలుగే: వీపు నిటారుగా నిలబెట్టే కుర్చీ, టైమర్, నోటుబుక్కు, పెన్ను. టైమర్ ఫోన్‌లో కాకుండా విడిగా ఉంటే మంచిది. వరసగా ఎన్నిరోజులు చేశారో లెక్కచూపే యాప్‌లకి మా ఓటు లేదు. ఒక్క రోజు తప్పగానే ఆ లెక్క సున్నాకి పడిపోతుంది, దానితోపాటు అభ్యాసమూ ఆగిపోతుంది.

మొదటి రెండు వారాలు రోజుకి 10 నిమిషాలు, తర్వాతి రెండు వారాలు 15, ఐదో వారం నుంచి 20. మొత్తం ఎనిమిది వారాలు పెట్టుకోండి. మొదటి రోజే 40 నిమిషాలు కూర్చునే ఉత్సాహం ఉంటే దాన్ని అణుచుకోండి, రెండో వారానికి అదే విసుగై కూర్చుంటుంది. లేచిన గంటలోపు, ఇంకా ఫోన్ ముట్టుకోకముందు అయితే మనసు కాస్త చెప్పినమాట వింటుంది. పొట్ట నిండా తిన్న వెంటనే వద్దు, నిద్ర ముంచుకొస్తుంది.

కుర్చీలో వెనక్కి జారబడకుండా కూర్చోండి. పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, మోకాళ్ళు తుంటి కంటే ఎత్తులో ఉండకూడదు. నేలమీద కూర్చునేవాళ్ళు పిరుదుల కింద దుప్పటి మడతపెట్టి మూడు నాలుగు అంగుళాల ఎత్తు చేసుకోవాలి. మోకాళ్ళు గాల్లో తేలుతున్నాయంటే ఎత్తు ఇంకా చాలలేదని అర్థం. నడుము నొప్పికి చాలాసార్లు అదే కారణం. చేతులు తొడల మీద, గడ్డం కొద్దిగా లోపలికి. కళ్ళు మూసుకున్నా సరే, నాలుగడుగుల దూరంలో నేలమీదికి చూపు వాల్చినా సరే.

ఊపిరి తెలిసే చోటు ఒకటి ఎంచుకోండి. కొందరికి ముక్కుపుటాల అంచున గాలి తగలడం బాగా తెలుస్తుంది. కొందరికి పొట్ట లేవడం, అణగడం తెలుస్తుంది. బర్మాకి చెందిన బౌద్ధ భిక్షువు మహాసీ సయాడో ఈ రెండోదాన్నే ఎక్కువగా నేర్పారు. ఎంచుకున్నాక ఎనిమిది వారాలూ దాన్ని మార్చకండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటికి రండి. లెక్క పద్నాలుగుకో ఇరవైకో వెళ్ళిందంటే నోరు లెక్కపెడుతోంది, మీరు ఇంకెక్కడో ఉన్నారు. చిరాకుపడకుండా ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఊపిరిని లోతుగా లాగడం, బిగపట్టడం ఏమీ చేయొద్దు, దాని దారిన దాన్ని పోనివ్వండి.

మనసు తిరుగుతుంది. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు రెండు వేల పైచిలుకు మందిని రోజులో ఎప్పుడు పడితే అప్పుడు ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడు మీ మనసు ఎక్కడుందని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు అది చేస్తున్న పని మీద లేదు. కాబట్టి మీ మనసు ప్రత్యేకంగా చెడిపోయిందేమీ కాదు. తిరిగిందని తెలిసిన క్షణంలో ఒక్క మాటతో పేరు పెట్టండి: ఆలోచన, శబ్దం, నొప్పి, దిగులు, రేపటి పని. ఒక్కసారి అనుకుంటే చాలు. తర్వాత ఊపిరి దగ్గరికి రండి. తిరిగిందని తెలియడం, వెనక్కి రావడం – అభ్యాసం అంటే ఈ రెండే. పది నిమిషాల్లో ముప్పైసార్లు వెనక్కి వచ్చినవాళ్ళు ముప్పైసార్లు అభ్యాసం చేసినట్టు.

నిద్ర వస్తుంటే కళ్ళు తెరవండి. అప్పటికీ వస్తుంటే నిలబడి కొనసాగించండి. అప్పటికీ పోకపోతే మీకు కావాల్సింది ధ్యానం కాదు, నిద్ర. కొందరికి, ముఖ్యంగా ఆందోళన స్వభావం ఉన్నవాళ్ళకి, ఊపిరిని గమనించగానే ఊపిరాడనట్టు ఉంటుంది. గమనించడం కాస్తా అదుపు చేయడంగా మారడం వల్ల వచ్చే ఇబ్బంది అది. అలాంటివాళ్ళు ఊపిరిని వదిలేసి అరికాళ్ళు నేలకి తగలడం గమనించాలి, లేదా చుట్టూ వచ్చే శబ్దాలు వినాలి. ఫలితంలో తేడా ఉండదు. ఇక మెరుపులు, జలదరింపు, కారణం లేని కన్నీళ్ళు, ఒళ్ళు తేలిపోతున్నట్టు ఉండటం – ఇవి వస్తే వచ్చాయి. పేరు పెట్టి ఊపిరికి తిరిగి రండి. రేపు మళ్ళీ రావాలని ఎదురుచూశారంటే అక్కడితో ఆ వారం పాడైనట్టే.

‘నేను’ కోసం వెతకడం

మూడో వారం నుంచి దీన్ని చేర్చుకోండి. మొదటి ఎనిమిది పది నిమిషాలు ఊపిరి, మిగతా సమయం విచారణ, అంటే ఆ ‘నేను’ ఏమిటని లోపల వెతకడం.

రమణ మహర్షి 1896లో, పదహారేళ్ళ వయసులో, మదురైలో ఉండగా హఠాత్తుగా చావుభయం కమ్మేస్తే శవంలా పడుకుని, చచ్చేది ఏది, నేననేది ఏది అని తనలో తానే వెతికారు. ఆ తర్వాత అడిగినవాళ్ళకి ఆయన చెప్పిన పద్ధతి చాలా చిన్నది: ఆలోచన రాగానే ‘ఇది ఎవరికి వచ్చింది’ అని అడుగు, ‘నాకు’ అని జవాబొస్తుంది, ‘ఆ నేను ఎవరు’ అని చూడు. ఆయన మాటల్లో దేవుడు, ఆత్మ తరచుగా వస్తారు, ఆ సంగతి దాచనక్కర్లేదు. కానీ ఈ మూడు మెట్లు ఎక్కడానికి అవి అక్కర్లేదు. మరో వైపు నుంచి, స్కాట్లండ్ తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ 1739లో దాదాపు ఇదే పని చేశాడు. తనలోకి తాను చూసుకున్నప్పుడల్లా వేడో చల్లదనమో, వెలుగో నీడో, ప్రేమో ద్వేషమో, బాధో సుఖమో ఏదో ఒక అనుభూతి తగులుతోంది తప్ప, వాటికి వేరుగా ‘నేను’ అనేది ఎప్పుడూ దొరకలేదన్నాడు. ఆయన మతాన్ని గట్టిగా శంకించినవాడు. ఇద్దరూ వెతికిన చోటు ఒకటే, తేల్చింది వేరు. మీరు ఎవరి తీర్పునీ ముందే ఒప్పుకోకుండా చూడండి.

చేసేది ఇలా. కూర్చున్నారు, ఒక ఆలోచన వచ్చింది: ‘నిన్న మీటింగులో నేను అలా అనకుండా ఉండాల్సింది.’ దాని వెంట పోకుండా ‘ఇది ఎవరికి తెలుస్తోంది’ అని ఒక్కసారి అడగండి. మాటల్లో జవాబు చెప్పకండి, చూడండి. చాలామందికి కళ్ళ వెనకో, తల మధ్యలోనో, గుండె దగ్గరో ‘నేను ఇక్కడ’ అనిపిస్తుంది. అక్కడ నిజంగా ఏముందో చూడండి. కనుబొమల దగ్గర చిన్న బిగింపు, దవడలో ఒత్తిడి, నెమ్మదిగా పలుకుతున్న లోగొంతు. ఇవి మీకు తెలుస్తున్నాయి, అంటే ఇవి కూడా చూడబడుతున్నవే. మరి చూస్తున్నది ఏది? ఇక్కడ ఒకటి రెండు క్షణాలు ఏ జవాబూ రాదు. ఆ రెండు క్షణాల్లో ఉండండి. వెంటనే ఇంకో ఆలోచన వస్తుంది. పర్వాలేదు, కాసేపు ఊపిరి దగ్గరుండి మళ్ళీ అడగండి. పది నిమిషాల్లో ఐదారుసార్లు అడిగితే చాలు. మంత్రంలా జపిస్తే ప్రశ్నకి పదును పోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మొదటిది, అరువు జవాబు. ‘నేను దేహాన్ని కాను, శుద్ధ చైతన్యాన్ని’ అని చదివినదాన్ని అప్పజెప్పడం. నాస్తికులకి ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది: ‘నేనంటే మెదడులో నాడీకణాల పని, అంతే.’ అది నిజమే కావచ్చు, కానీ మీరు ఇప్పుడు చూసి చెప్పింది కాదు, ఎక్కడో చదివి చెప్పింది. రెండో తప్పు, బిగదీయడం. కళ్ళు పైకి తిప్పి భ్రుకుటి దగ్గర ‘నేను’ని పట్టుకోబోతే పావుగంటలో తలనొప్పి ఖాయం. నొసలు సడలించి, ఎవరో పిలిస్తే వినేంత శ్రద్ధతో చూస్తే చాలు. మూడోది, మొద్దుబారడం. ఆలోచనలు ఆగి హాయిగా ఉంటుంది కానీ టైమర్ మోగితే ఉలిక్కిపడతారు, మధ్యలో ఏమైందో తెలియదు. అది విచారణ కాదు, కునుకు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది: అనుభవం నుంచి సిద్ధాంతానికి ఒక్క దూకు దూకడం. ఒకరోజు ఏ ‘నేనూ’ కనబడకుండా, ఎదుటి గోడకీ తనకీ మధ్య గీత చెరిగిపోయినట్టు అనిపించవచ్చు. ఇలాంటివి మనుషులకి జరుగుతాయి, అన్ని మతాల్లోనూ, ఏ మతమూ లేకుండానూ. దాన్నుంచి ‘అంతా ఒకే చైతన్యం’ అని తేల్చడానికి ఆధారం లేదు. ‘కాబట్టి నేను అన్నదే అబద్ధం’ అని తేల్చడానికీ లేదు. నోటుబుక్కులో ఒక పేజీని రెండుగా చేసి ఒకవైపు ‘ఏం కనిపించింది’, రెండోవైపు ‘దాని అర్థం ఏమనుకుంటున్నాను’ అని వేర్వేరుగా రాయండి. మొదటివైపు రాసినదాని గురించి మీతో ఎవరూ వాదించలేరు. రెండోవైపు రాసినదాన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు, ముందుగా మీరే ప్రశ్నించాలి. దేవుణ్ణి ఆధారం లేదని పక్కనపెట్టినవాళ్ళు తమ ధ్యానానుభవం దగ్గరికి వచ్చేసరికి ఆ కొలబద్ద దాచేయడం తరచుగా జరుగుతుంది.

కాగితం మీద విచారణ

కూర్చుని చేసే విచారణ ‘నేను’ మొత్తాన్ని తడుముతుంది. రోజూ కుట్టే ముల్లు తీయడానికి మాత్రం రాయడమే మేలు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 నిమిషాలు సరిపోతాయి.

‘ఎందుకు’ అనే ప్రశ్నని వీలైనంత తక్కువ వాడండి. 1977లో నిస్బెట్, విల్సన్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. బల్లమీద నాలుగు జతల నైలాన్ మేజోళ్ళు వరసగా పెట్టి వీటిలో ఏది మంచిదో చెప్పమన్నారు. నాలుగూ ఒకటే రకం. జనం ఎక్కువగా కుడివైపు చివరి జతని ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత, నాణ్యత అంటూ కారణాలు చెప్పారు. అది ఉన్న చోటు వల్ల ఎంచుకున్నామని ఒక్కరూ తమంతట తాము అనలేదు. మన లోపలి కారణాలు మనకి అంత బాగా తెలియవు, కానీ అడగగానే నమ్మదగ్గ కథ అల్లడం మాత్రం బాగా తెలుసు. అందుకే ‘ఎందుకు కోపమొచ్చింది’ కంటే ‘ఎప్పుడు వచ్చింది, ఒంట్లో ఎక్కడ తెలిసింది, వెంటనే ఏ వాక్యం మెదిలింది’ అని అడిగితే నిజానికి దగ్గరగా ఉండే జవాబులొస్తాయి.

ఒక పేజీ ఎలా ఉంటుందో చూడండి.

జరిగింది: పొద్దున పదింటికి స్నేహితుడికి మెసేజ్ పెట్టాను. చూశాడు, సాయంత్రం దాకా జవాబివ్వలేదు.
ఒంట్లో: గొంతు దగ్గర బిగింపు. ఫోన్ తీయడం, పెట్టడం, మళ్ళీ తీయడం.
మెదిలిన వాక్యం: వీడికి నేనంటే లెక్కలేదు.
కంటికి కనిపించింది ఎంత: చదివినట్టు గుర్తు ఒకటే.
నేను చేర్చింది: లెక్కలేకపోవడం.
ఈ వాక్యం ఇంతకుముందు ఎక్కడ విన్నాను: పోయిన నెల అక్కయ్య ఫోన్ ఎత్తనప్పుడు ఇదే మాట. ఆఫీసులో నా సలహా తీసుకోనప్పుడు ఇదే మాట.
ఈ వాక్యం లేకపోతే ఏం చేసేవాణ్ణి: రాత్రికి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడేవాణ్ణి.
రేపటికి: ఫోన్ చేయాలి. మెసేజ్ ఊసెత్తకూడదు.

చివరి పంక్తి తప్పనిసరి. చేసే పనితో ముగియని పేజీ ఎంత లోతుగా ఉన్నా ఒకే గాయాన్ని మళ్ళీ మళ్ళీ గోకడంగా మారుతుంది. అలాగే పేజీలో ఎదుటివాళ్ళ మనసు గురించి వాక్యాలు పెరుగుతుంటే ఆపండి, అది ఆత్మవిచారణ కాదు, కేసు కట్టడం. ఒక్కోసారి రాసినంతసేపూ నిజంగానే ఎదుటివాళ్ళ తప్పే అని తేలుతుంది. అప్పుడు చివరి పంక్తిలో ‘నేరుగా అడగాలి’ అనో, ‘ఇక దూరంగా ఉండాలి’ అనో రాయండి. లోపలికి చూడటం అంటే ప్రతిదానికీ తనని తాను నిందించుకోవడం కాదు.

రాత్రి సమీక్ష

రోమన్ తాత్వికుడు సెనెకా రోజూ రాత్రి దీపం తీసేశాక ఆ రోజంతా మొదటినుంచి చివరిదాకా తిరగేసుకునేవాడినని రాశాడు. తనకంటే ముందు సెక్స్టియస్ అనే అతను అడుక్కునేవాడంటూ మూడు ప్రశ్నలు కూడా చెప్పాడు: ఈరోజు ఏ చెడు అలవాటుని మాన్పావు, ఏ దోషాన్ని అడ్డుకున్నావు, ఏ విషయంలో మెరుగయ్యావు. దేవుడి ముందు చెప్పుకోవడం అనే పనికి బదులుగా ఇది సరిగ్గా సరిపోతుంది.

ఐదు నిమిషాలు చాలు. ఉదయం నుంచి వరసగా గుర్తుచేసుకుని మూడు పంక్తులు రాయండి: ఈరోజు ఎవరిని నొప్పించాను లేదా ఎక్కడ అబద్ధమాడాను, ఎక్కడ పాత అలవాటుకి లొంగలేదు, ఎవరి వల్ల ఈరోజు సులువైంది. మూడోది కృతజ్ఞత గడి. ‘విశ్వానికి ధన్యవాదాలు’ అని రాయకండి, మనిషి పేరు రాయండి. వారానికి ఒక్కరికైనా ఆ మాట నోటితో చెప్పండి. మొదటి పంక్తిలో పేరు పడితే రెండు రోజుల్లోపు ఆ మనిషికే క్షమాపణ చెప్పాలి, పుస్తకానికి చెబితే చెల్లదు. క్షమాపణలో ‘కానీ’ అనే మాట వస్తే మళ్ళీ మొదటినుంచి.

రోజులో తప్పులు పదిహేను కనిపిస్తే ఒక్కటే రాయండి. తప్పుల చిట్టా పెంచుకునేవాళ్ళు పదిరోజుల్లో పుస్తకం తెరవడం మానేస్తారు. ఇంతకుముందు దేవుడికి భయపడినవాళ్ళైతే ఆ భయంకరమైన గొంతు ఇప్పుడు ఈ పుస్తకంలోంచి వినిపించడం మొదలవుతుంది, జాగ్రత్త.

చావు, భయం, దుఃఖం

పరలోకం లేదనుకున్నవాళ్ళకి చావు గురించి తీరిగ్గా ఆలోచించే సందర్భమే దొరకదు. బౌద్ధులు మరణస్మృతి అనే అభ్యాసాన్ని చాలా పాతకాలం నుంచి చేస్తున్నారు. దాన్ని వారానికోసారి, 15 నిమిషాలు చేయవచ్చు. కూర్చుని కాసేపు ఊపిరి చూసి, మూడు మాటలు ఒకదాని తర్వాత ఒకటి నిదానంగా తలచుకోండి: చావు తప్పదు, ఎప్పుడో తెలియదు, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు. తర్వాత ‘ఇదే చివరి ఏడాదైతే ఈ వారంలో ఏది మానేస్తాను, ఎవరిని కలుస్తాను’ అని రాసుకోండి. ఇటీవల దగ్గరివాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు, బతకాలనిపించని దశలో ఉన్నవాళ్ళు ఈ అభ్యాసం జోలికి అస్సలు పోకూడదు.

దుఃఖంలో ఉన్నప్పుడు విచారణ కూడా ఆపేయండి. ‘ఈ దుఃఖం ఎవరికి’ అని అడగడం అప్పుడు తప్పించుకోవడమే అవుతుంది. నమ్మకం ఉన్నవాళ్ళకి అలాంటప్పుడు కొన్ని పనులు సిద్ధంగా ఉంటాయి, చేతులకి ఏదో ఒక పని దొరుకుతుంది. మీకూ అలాంటివి కావాలి: పోయినవాళ్ళ గురించి నలుగురూ కూర్చుని ఒక్కొక్క జ్ఞాపకం చెప్పుకోవడం, వాళ్ళు సగంలో వదిలిన పని ఒకటి పూర్తిచేయడం, ఏటా ఒక రోజు కలుసుకోవడం. ఇలాంటివి ముందే అనుకుని పెట్టుకుంటే మంచిది. ఆ రోజున ఆలోచించే శక్తి ఎవరికీ ఉండదు.

అర్ధరాత్రి భయానికి చిట్కా చిన్నది. లేచి కూర్చుని పాదాలు నేలకి ఆనించి, కనిపించేవి ఐదు, వినిపించేవి మూడు పేర్లు చెప్పుకుని, ఊపిరి లోపలికి తీసుకునేదానికంటే బయటికి వదిలేది పొడుగ్గా పదిసార్లు. ఇక్కడ మాత్రం ఊపిరిని కావాలనే మార్చవచ్చు.

తోడు, గురువు, శిబిరం

ఒంటరి సాధనలో తనని తాను మోసం చేసుకోవడం చాలా తేలిక. పదిహేను రోజులకోసారి ఒక మనిషితో గంటసేపు కూర్చునే ఏర్పాటు చేసుకోండి. ఆ మనిషి ఆస్తికులైనా ఫర్వాలేదు. ఒకరు ఇరవై నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు సలహా ఇవ్వకుండా వినాలి, చివర్లో ఒక్క ప్రశ్న మాత్రం అడగాలి. తర్వాత వంతు మారాలి. సలహాలు మొదలైతే రెండో సమావేశానికే అసలు విషయాలు చెప్పడం ఆగిపోతుంది.

జిడ్డు కృష్ణమూర్తి తనని జగద్గురువుగా నిలబెట్టడానికి కట్టిన సంస్థని 1929లో తానే రద్దుచేసి, సత్యానికి బాట లేదన్నారు. అయినా ఆయన చుట్టూ జీవితాంతం జనం చేరుతూనే ఉన్నారు. గురువు కావాలన్న ఆకలి అంత గట్టిది. నేర్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, తప్పులేదు. కానీ ‘నాకు తెలియదు’ అనే మాట వాళ్ళ నోట ఎప్పుడైనా వచ్చిందా, మానేసి వెళ్ళినవాళ్ళ గురించి ఎలా మాట్లాడుతున్నారు, డబ్బు లెక్క తెరిచి ఉందా అన్నవి ముందు చూడండి. డాక్టరు ఇచ్చిన మందులు ఆపమన్నవాళ్ళ దగ్గర్నుంచి ఆరోజే వచ్చేయండి.

శిబిరాల్లో, ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో జరిగే పదిరోజుల విపశ్యన (ఒంట్లోని అనుభూతుల్ని గమనించే బౌద్ధ ధ్యానం) చాలామందికి తెలిసిందే. రుసుము ఉండదు, విరాళాల మీద నడుస్తుంది. తొమ్మిది రోజులపైన మౌనం, రోజుకి పది గంటల వరకూ కూర్చోవడం. దేవుణ్ణి నమ్మమని అడగరు, కానీ సాయంత్రం ప్రసంగాల్లో బౌద్ధ సిద్ధాంతం, జన్మల ప్రస్తావన ఉంటాయని తెలిసి వెళ్ళండి. ఇంట్లో కనీసం మూడు నెలలు రోజూ కూర్చోనివాళ్ళు నేరుగా అక్కడికి పోవడం మంచిది కాదు. పూర్తిగా మతం లేని చట్రం కావాలంటే, జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల కార్యక్రమం ఉంది. వారానికి రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల అభ్యాసం.

ఆపాల్సిన సందర్భాలు

ధ్యానం వల్ల చెడు జరగదన్నది నిజం కాదు. వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, తను తనకే పరాయిగా, లోకం సినిమాలా అనిపించడం రోజంతా ఉండటం, పాత భయంకర సంఘటనలు కళ్ళముందుకి పదేపదే రావడం, తనకేదో ప్రత్యేక పాత్ర అప్పగించబడిందన్న నమ్మకం – వీటిలో ఏది కనిపించినా కూర్చోవడం, విచారణ రెండూ వెంటనే ఆపేయాలి. నడక, ఒళ్ళు అలిసే పని, వేళకి తిండి, మనుషులతో మాటలు. వారంలో తగ్గకపోతే మానసిక వైద్యుల్ని కలవాలి, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలుంటే ఆరోజే కలవాలి. ఇంతకుముందు సైకోసిస్ (నిజానికీ భ్రమకీ తేడా తెలియని స్థితి), బైపోలార్ (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళు తమ డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టాలి. వాళ్ళకి రాత్రి సమీక్ష, తోడుతో మాట్లాడటం సాధారణంగా ఇబ్బంది లేనివి, మరీ జాగ్రత్తగా ఉండాల్సింది శిబిరాల విషయంలోనే.

ఎనిమిది వారాల తర్వాత

ధ్యానంలో ఎంత హాయిగా ఉంది అనేది కొలత కాదు, అది నిద్రని బట్టీ తిండిని బట్టీ మారుతుంది. కోపం వచ్చాక ఎంతసేపు ఉంటోంది, తప్పని తెలిశాక ఒప్పుకోవడానికి ఎన్ని రోజులు పడుతోంది, వాదనలో ఓడిపోతే నిద్రపడుతోందా అన్నవి చూడండి. ఇంట్లోవాళ్ళని కూడా అడగండి, ‘నాలో మార్పు ఏమైనా కనిపించిందా’ అని కాదు, ‘ఈ రెండు నెలల్లో నాతో దేనికి ఇబ్బందిపడ్డారు’ అని. జవాబు వింటున్నప్పుడు మీ మొహం ఎలా మారిందో వాళ్ళకి తెలుస్తుంది, మీకూ తెలియాలి.

మధ్యలో పదిరోజులు మానేసి ఉంటే, పోయిన రోజుల్ని పూడ్చబోకుండా ఐదు నిమిషాలతో మళ్ళీ ఎత్తుకోండి, వారంలో పాత సమయానికి వస్తారు. తర్వాత ఒక సాయంత్రం నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చదవండి. ‘మెదిలిన వాక్యం’ అన్నచోట ఏది నాలుగుసార్లకి మించి వచ్చిందో పెన్సిల్‌తో గీతపెట్టండి. చాలామందికి ఒకటి రెండు వాక్యాలే తిరిగి తిరిగి వస్తాయి. తర్వాతి ఎనిమిది వారాలకి ఆ వాక్యాన్ని కొత్త పుస్తకం మొదటి పేజీలో రాసుకుని, అది మెదిలినప్పుడల్లా పక్కన తేదీ వేయండి.